చుట్లు లెక్కించి మూయుము

చి. ల. సౌ. జానకిని పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరము చేరినది. లీడ్సులో మీరు కొన్న ఆ పాత ఇంటిలో వీథిగది రేడియేటరు చేయి పెట్టరానంతగా కాగుచున్నను, మేడమీద పసివాడు పడుకొను గది చల్లగానే యుండుననియు, అందుచే పాతకాలపు చక్రపు వాల్వులను రాబోవు సెలవులలో మీరిద్దరే విప్పి, గది వేడి ననుసరించి తమంతట తాము తెరచి మూసికొను వాల్వులను బిగింపదలచితిరనియు వ్రాసితివి. ఆలోచన మంచిదే. 1943లో డెన్మార్కు దేశీయుడు మాడ్స్ క్లౌసెన్ కల్పించిన సాధనమది; దాని తలలోని పదార్థము వేడికి వ్యాకోచించి, సూదిని నొక్కి, నీటిని తగ్గించును. కాని రేడియేటరు రెండవ కొసను, మూతక్రింద దాగియుండు లాక్‌షీల్డు వాల్వు ప్రసక్తి నీ ఉత్తరమున ఎక్కడను కానరాలేదు. అప్పటినుండి నాకు బెంగ పట్టుకొన్నది.

అమ్మా, ఆ మూత తీసి, లోని మొనను సవ్యముగా త్రిప్పుచు, పూర్తిగా మూతపడుటకు ఎన్ని చుట్లు పట్టెనో, పావుచుట్టుతో సహా లెక్కించి, గది పేరుతో కాగితముపై వ్రాసికొననిదే దేనిని విప్పవలదు. ఆ చుట్లే ఇంటికంతకు వేడిని పంచు లెక్క. మీ తాతగారు కాలువ లాకులవద్ద చేలకు నీరెట్లు పంచెడివారో నీకు చెప్పనక్కరలేదు. ఎగువ తూము అదుపులేక తెరచినచో శివారు చేలు బీటలువారును. బాయిలరునకు దగ్గరి రేడియేటరును కొంచెమే తెరచి, దూరపు దానిని బాగుగా తెరచి యుంచనిచో వేడినీరు దగ్గరిదారినే తిరిగివచ్చును. మీ వాని గది చల్లదనమునకు చక్రముల ముదిమికంటె ఈ పంపకము చెడుటయే కారణము కావచ్చును.

నేను లీడ్సుకు చదువుకొనబోయిన 1962-63 నాటి మహాశీతకాలమున, కిటికీ అద్దముల లోపలివైపుననే మంచు పేరెడిది. గొట్టములు అమర్చు వృద్ధ మేస్త్రీ యొకరు సెలవులలో నన్ను వెంటబెట్టుకొని పోయెడివారు. గోడమీద సుద్దముక్కతో చుట్లు వ్రాయనిదే ఆయన స్పానరు చేతబట్టెడివారు కారు. ఆయన భార్య నాకల్లి యిచ్చిన ఉన్నిమేజోళ్లు మీ పెద్దమ్మ నేటికిని ట్రంకుపెట్టెలో దాచినది. అన్నట్లు, పసివాని పాదములకు మేజోళ్లు తొడుగుచున్నావా? నీకు రాత్రులు నిద్ర ఉన్నదా?

తక్కినది సంగ్రహముగా చెప్పెదను. బాయిలరు ఆర్పి నీరు చల్లారనిమ్ము. అటకమీద తొట్టి యున్నచో దాని తేలుబంతిని పైకెత్తి కట్టి నీటిరాక నాపి, అన్నిటికంటె క్రిందనున్న కుళాయికి గొట్టము తగిలించి నీటిని వదలుము. నీరు నల్లబడినచో అది లోపలి తుప్పు. ఒక స్పానరుతో వాల్వును కదలనీయక పట్టి, రెండవదానితో నట్టు త్రిప్పుము. లేనిచో గొట్టము మెలిపడి నేలక్రింది అతుకు వదలును. తిరిగి నింపునపుడు తుప్పునాపు ద్రవము కలిపి, క్రింది అంతస్తునుండి మొదలిడి గాలి తీయుము. థర్మోస్టాటు ఉన్న గదికి మాత్రము క్రొత్త వాల్వు వలదు. వాల్వు ముందే మూసికొన్నచో, ఆ గది కావలసినంత వేడెక్కక బాయిలరు ఆగక మండును. పాత రంగులో సీసమును, గొట్టముల చుట్టు పూతలో ఆస్‌బెస్టాసును ఉండవచ్చును. పసివాడున్న ఇల్లు, గీకవలదు, తాకవలదు. బాయిలరు లోపలిపనికి గ్యాస్ సేఫ్ రిజిస్టరులో పేరున్నవారినే పిలువుము.

మరల చెప్పుచున్నాను: లాక్‌షీల్డు కారనిచో దానిని మార్చకుము. మార్చక తప్పనిచో పాత లెక్కతో మొదలిడి, బాయిలరు వెలిగించి, ప్రతి గదిలోను రేడియేటరును తాకిచూచి సరిదిద్దుకొనుము. పసివాని గది గొట్టముల చివర నున్నదంటివి కదా, దాని అంకె అన్నిటికంటె పెద్దదిగా నుండవలెను. చుట్లు వ్రాసిన కాగితమునకు ప్రతి యొకటి నాకు పంపుము. చూచినగాని నాకు నెమ్మది కలుగదు. అల్లునికి నా ఆశీస్సులు.

ఇట్లు,
నీ పెదనాన్న