కొనుగోలు ఒక ఒడంబడికయే
(విద్యార్థులకు న్యాయపాఠము)

రాజాం బజారునకు చుట్టుపట్ల గ్రామములవారు విత్తనములకు, ఎరువులకు, బట్టలకు, పుస్తకములకు వచ్చుచుందురు. బేరము కుదిరినది, సొమ్ము చెల్లించితిమి, వస్తువు చేతికి వచ్చినది. అంతటితో వ్యవహారము ముగిసినదని మనలో పెక్కుమంది తలంతురు. కాని న్యాయదృష్టిలో అచ్చట ఒక ఒడంబడిక జరిగినది. సంతకములు లేనంత మాత్రమున అది ఒడంబడిక కాకపోదు. ఉన్నత పాఠశాల విద్యార్థులు ఈ విషయమును తాము గ్రహించి, ఇంటిలోని పెద్దలకు చెప్పవలెనని మా కోరిక.

ఒడంబడికకు కావలసినవి

ఒకరు ప్రతిపాదింపగా మరియొకరు అంగీకరించుట మొదటి మెట్టు. 1872వ సంవత్సరపు భారత కాంట్రాక్టు చట్టము ప్రకారము ఇరువురి సమ్మతియు స్వేచ్ఛగా ఉండవలెను. బెదిరింపుగాని మోసముగాని పనికిరాదు. ప్రతిఫలమును, ఉద్దేశమును న్యాయసమ్మతములై ఉండవలెను. ఇరువురును 18 ఏండ్లు నిండి, స్థిరబుద్ధి గలవారై ఉండవలెను. మైనరు చేసిన ఒడంబడిక చెల్లదని 1903లో ప్రివీ కౌన్సిలు తీర్పు చెప్పినది. కావున పదవ తరగతి బాలునిచే ఎవరైనను అప్పుపత్రము వ్రాయించుకొన్నచో అది వానిని బంధింపదు.

కొనువానికి రక్షణ

అమ్మువానికి సరుకు గుణము తెలియును. కొనువానికి సంచిలోపల ఏమున్నదో తెలియదు. ఈ అసమానతను సరిదిద్దుటకే 1986లో వినియోగదారుల రక్షణ చట్టము వచ్చినది. దాని స్థానమున 2019వ సంవత్సరపు చట్టము 2020 జూలై నుండి అమలులోనున్నది. బిల్లు ఇయ్యకుండుట ఈ చట్టము క్రింద అక్రమ వ్యాపార పద్ధతి. “అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు” అని బోర్డు కట్టినను, లోపమున్న సరుకు విషయమున వర్తకుడు తప్పించుకొనజాలడు.

రైతుల విజయము

మన రాష్ట్రపు రైతులు కొందరు జాతీయ విత్తన సంస్థ విత్తనములు కొని, పంట దెబ్బతిని నష్టపోయిరి. జిల్లా ఫోరములో వారు ఫిర్యాదు చేయగా, వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు సాగినది. రైతులు వినియోగదారులు కారనియు, ఒడంబడికలో మధ్యవర్తి షరతు కలదనియు, విత్తనములు పరీక్షింపబడలేదనియు సంస్థ వాదించినది. రైతు కొన్న విత్తనమంతయు పొలమున చల్లునే గాని పరీక్షకై దాచిపెట్టునా? 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదములను త్రోసిపుచ్చి, రైతులకు పరిహారమును ఖాయపరచినది. ఒక్క కారు పంట పోయిన కుటుంబమునకు ఏడాది గ్రాసము పోయినట్లే గదా!

చేయవలసిన పని

విత్తనములు, ఎరువులు కొన్నప్పుడు బిల్లు ఇచ్చుట వర్తకుని విధి. దానిపై రకము, లాటు నంబరు, తేదీ సరిచూచుకొనవలెను. ఖాళీ సంచిని, దాని చీటీని పారవేయరాదు. లోపము కనబడినచో మొదట వర్తకునకు వ్రాతమూలకముగా తెలుపవలెను. ఫలితము లేనిచో 1915 నంబరునకు ఫోను చేయవచ్చును. లేదా రెండేండ్లలోగా జిల్లా కమిషనునకు ఫిర్యాదు చేసికొనవచ్చును. విశాఖపట్నములో కొన్న వస్తువునకు సైతము రాజాం వాసి తన జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలలోపు అయినచో రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాడు. కొన్నవాడు మైనరైనచో తల్లిగాని తండ్రిగాని ఫిర్యాదు చేయవచ్చును.

భూమి దస్తావేజును మన పెద్దలు పెట్టెలో భద్రపరతురు. విత్తనపు బిల్లును సైతము పంట ఇల్లు చేరువరకు అట్లే భద్రపరచుదము. దానిని చదివి చూచు పని చదువుకొన్న పిల్లలదే.