ముందు ఎర్రర్ చదువు, తల్లీ

కొత్తపేట

లలితా,

ల్యాప్‌టాప్ మళ్లీ ఫార్మాట్ చేశావనీ, రాత్రి అన్నం మానేశావనీ, ఈ ఉద్యోగం నావల్ల కాదన్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ముందు అన్నం తిను.

అమ్మ పంపిన ఎర్రర్ ఫొటో చూశాను. 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్' అని స్పష్టంగానే ఉంది. ఉబుంటు తన అవసరాలకి వాడుకునే పైథాన్‌లోకి నువ్వు పిప్‌తో ప్యాకేజీలు ఎక్కించబోయావు, అది ఒప్పుకోలేదు. 23.04 నుంచీ ఈ కట్టడి ఉంది. ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా ఎక్కేది అదే ఉబుంటు, చెప్పేది అదే మాట. ఏం చెయ్యాలో ఆ ఎర్రర్ కిందే రాసి ఉందమ్మా, చదవలేదా? ప్రాజెక్టు ఫోల్డర్‌లో వెన్వ్ (వర్చువల్ ఎన్విరాన్‌మెంట్) పెట్టుకో, యాక్టివేట్ చేసి, అందులో ఎక్కించుకో. 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్' ఆప్షన్ జోలికి మాత్రం పోకు.

నేను కోబాల్ నేర్చుకునే రోజుల్లో 80 గళ్ల కార్డులు పంచ్ చేయించి కౌంటర్లో ఇస్తే ప్రింటవుట్ మర్నాడు చేతికొచ్చేది. ఒక్క ఫుల్‌స్టాప్ పోతే కాగితం నిండా తప్పులే. మా సీనియర్ ఒకాయన ఉండేవాడు, మన రాజోలు మనిషే. ఆయన మొదటి తప్పు మీద వేలుపెట్టి, "ఇది దిద్దు, సగం వాటంతటవే పోతాయి" అనేవాడు. రోజుకి ఒక్క అవకాశం కాబట్టి ప్రతి అక్షరం చదివేవాళ్లం. నీకు క్షణంలో జవాబొస్తోంది, అందుకే చదవడానికి ఓపిక ఉండటంలేదు. సి కంపైలరైతే మొదటి తప్పు చూడు. పైథానైతే చివరి వరుస చూసి, అక్కణ్ణుంచి పైకి నీ ఫైలు పేరు కనపడేదాకా వెళ్లు. చదవకుండా దేన్నీ తీసెయ్యకు, మళ్లీ ఎక్కించకు. పెద్ద చదువు చదివావు, ఈ నాలుగు వరుసలు నీకో లెక్కా, బంగారం!

టెర్మినల్ కొత్తగా తెరిస్తే వెన్వ్‌ని మళ్లీ యాక్టివేట్ చెయ్యాలి. 'విచ్ పైథాన్' కొడితే ఏ పైథాన్ నడుస్తోందో తెలుస్తుంది. వీఎస్ కోడ్‌లోనూ అదే ఎంచుకున్నావో లేదో చూసుకో. పని కుదిరాక ప్యాకేజీల వెర్షన్లు రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో రాసిపెట్టు.

కనుమకి జగ్గన్నతోట ప్రభలు చూడ్డానికి వస్తూ పని కూడా తెచ్చుకుంటానన్నావు. 2022 మేలో అమలాపురం అల్లర్ల తరవాత ఇక్కడ ఇంటర్నెట్ ఆపేస్తే, ఇంటినుంచి పనిచేసే పిల్లలు సిగ్నల్ వెతుక్కుంటూ గోదావరి ఒడ్డుకి పోయారు. మళ్లీ అలా జరిగినా పని ఆగకుండా, కావలసిన ప్యాకేజీలు 'పిప్ డౌన్‌లోడ్'తో నువ్వున్నచోటే దింపుకుని రా. నీకు ఆత్రేయపురం పూతరేకులు తెప్పించి ఉంచుతాను.

మళ్లీ ఆగిపోతే ఫొటో తియ్యకు. ఎర్రర్ మొత్తం, పైనా కిందా కత్తిరించకుండా, కాపీ చేసి పంపు. ఎంత రాత్రయినా సరే.

మీ తాతయ్య