అంకెల వేట: బడి పిల్లలకు పాల లెక్క

మన సభ్యుల పిల్లలకు లెక్కలు చెప్పే ఉపాధ్యాయులు ఈ ఆట ఆడించి చూడవచ్చును. పది చీటీలు తీసుకొని ఒక్కొక్క దాని అడుగున ఒక పాల కొలత వ్రాయాలి. ఒక చీటీ అడుగున 3.47 లీటర్లు ఉంటే, దాన్ని ఒక దశాంశ స్థానానికి సవరించగా వచ్చే 3.5 మరో చీటీ తలపై ఉండాలి. ఆ చీటీ అడుగున 4.62 వ్రాస్తే, 4.6 ఇంకొక దాని తలపై. చీటీలను గోడలకు అంటించండి. పిల్లలు జవాబు వెతుక్కుంటూ పదీ తిరిగి, బయలుదేరిన చీటీకే వస్తే లెక్క సరి. రెండు కొలతలకు ఒకే జవాబు రాకూడదు సుమా, వేట దారి తప్పుతుంది.

నియమం చిన్నదే. రెండవ దశాంశ స్థానంలో 5 గాని, అంతకు మించి గాని ఉంటే ముందు అంకెకు ఒకటి కలపాలి, తక్కువైతే వదిలేయాలి. తొందరలో పిల్లలు 7ను కూడా వదిలేస్తారు. పెద్దలూ అంతే! పూటకు 3.47 లీటర్లు పోసే సభ్యునికి 3.4 అని వ్రాస్తే వారంలో 14 పూటలకు 0.98 లీటరు పోయినట్లే. 3.5 అని వ్రాస్తేనో, సంఘం 0.42 లీటరుకు ఊరకే డబ్బు చెల్లిస్తుంది. ఏ పూట కొలత ఆ పూట ఉన్నదున్నట్లు వ్రాసి, వారం మొత్తం 48.58ని ఒక్కసారే 48.6గా సవరించడం ఇద్దరికీ న్యాయం. పెద్ద తరగతుల పిల్లల చేత ఈ మూడు లెక్కలూ వారి ఇంటి పాల పుస్తకంతోనే చేయించండి.