అబ్బాయి విమానం కొంటానంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. సరదాగా విమానం నడపడం నేర్చుకుని లైసెన్సు కూడా తీసుకున్నాడు. ఇప్పుడు 1976 నాటి సెస్నా 172 ఒకటి 90 వేల డాలర్లకు వస్తోంది, కొనేస్తానంటున్నాడు. ‘ఇక్కడ మంచి కారుకే అంత పెడుతున్నారు నాన్నా’ అంటాడు. వారాంతాల్లో స్నేహితుల్ని ఎక్కించుకుని ఖర్చులు రాబట్టుకుంటాడట. గ్రీన్‌కార్డు ఇంకా రాలేదు. ఏం చెప్పమంటారు?
– ఒక తండ్రి, పెదకూరపాడు

జవాబు: ముందు గ్రీన్‌కార్డు సంగతి చూద్దాం. అమెరికాలో విమానం ఒక మనిషి పేరున రిజిస్టరు కావాలంటే ఆయన ఆ దేశ పౌరుడో, శాశ్వత నివాసో అయ్యుండాలి. గ్రీన్‌కార్డు రాని మీవాడికి సొంత పేరున కుదరదు. కంపెనీ పేరునో, ట్రస్టు పేరునో కొనే దారులున్నాయి గానీ వాటికి లాయరు ఫీజు, ఏటేటా నిర్వహణ ఫీజు ఉంటాయి. ఈ మాట అమ్మేవాడు చెప్పడు.

విమానం వయసు చూసి మీరు బెంబేలెత్తకండి. సెస్నా కంపెనీ 1986లో ఈ రకం తయారీ ఆపేసి, మళ్లీ 1996లోగానీ మొదలుపెట్టలేదు. అందుకే అక్కడ ఎగిరేవాటిలో యాభై ఏళ్ల పాతవి బోలెడు. అసలు చూడాల్సింది ఇంజను. 2,000 గంటలకోసారి దాన్ని పూర్తిగా విప్పి కట్టాలని తయారీదారు సూచన. సొంతానికి నడుపుకునేవాళ్లకు అది చట్టమేమీ కాదు గానీ, 1,900 గంటలు తిరిగిన ఇంజనుతో విమానం చౌకగా వస్తోందంటే ఆ చౌక ఎందుకో తెలిసిపోతూనే ఉంది. విప్పి కట్టడానికి 30–40 వేల డాలర్లవుతుంది.

తక్కువ తిరిగిన ఇంజనైతే మంచిదేగా అంటారేమో. ఏడాదికి పదిహేను గంటలే తిరిగిందంటే నేనైతే ఇంకా భయపడతాను. ఈ లైకమింగ్ ఇంజన్లలో క్యామ్‌షాఫ్ట్ పైభాగాన ఉంటుంది. వారాల తరబడి కదలకుండా నిలబడితే దాని మీది ఆయిలు కిందికి జారిపోతుంది, తేమ తగిలి తుప్పు పడుతుంది. మళ్లీ స్టార్టు చేసిన రోజున ఆ తుప్పు రాపిడికి లోహం అరగడం మొదలవుతుంది. షెడ్డులో నాలుగేళ్లు నిలిపిన ట్రాక్టరును ‘ఒక్క గంట కూడా తిరగలేదండీ’ అని అమ్మజూపితే మీరు కొంటారా?

కాబట్టి కొనేముందు అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్‌తో చూపించాలి. ఆయన ఒక్కో సిలిండరులోకి 80 పౌండ్ల ఒత్తిడితో గాలి పెట్టి ఎంత నిలుస్తుందో చూస్తాడు. డెబ్బైల్లో నిలిస్తే సంతోషం. అరవైకి పడితే ఎక్కడ కారుతోందో చెవిపెట్టి వింటాడు. పొగగొట్టం దగ్గర బుసబుసమంటే వాల్వు, ఆయిలు పోసే గొట్టం దగ్గరైతే రింగులు. తర్వాత ఆయిలు ఫిల్టరును కోసి, మడతల కాగితాన్ని పరిచి, లోహపు రజను మెరుస్తోందేమో వెతుకుతాడు. ఈ పరీక్షకయ్యే కొన్ని వందల డాలర్ల దగ్గర మాత్రం పీనాసితనం వద్దనండి.

ఇక ఏటా అయ్యే ఖర్చు. ఊరిని బట్టి, విమానాన్ని బట్టి మారుతుంది గానీ అంచనాకు ఇలా వేసుకోండి. గంటకు ముప్పై లీటర్ల పెట్రోలు తాగుతుంది, అంటే దాదాపు 48 డాలర్లు. వంద గంటలు ఎగిరితే 4,800. హ్యాంగరు అద్దె నెలకు 400 వేసుకున్నా మరో 4,800. బయట కట్టేస్తే చౌకే, కానీ టెక్సస్ వడగళ్లకు రేకు రెక్కలు సొట్టలు పడతాయి. బీమా 1,800. పన్నెండు నెలలకోసారి చట్టప్రకారం చేయించాల్సిన తనిఖీ, అందులో బయటపడే రిపేర్లు కలిపి 4,000. ఇంజను కోసం గంటకు 20 డాలర్లు పక్కన పెడితే 2,000. మొత్తం 17,400 డాలర్లు. డాలరును 85 రూపాయలుగా వేసుకుంటే 15 లక్షలకు కాస్త తక్కువ. గంటకు 174 డాలర్లు పడింది. ఇంచుమించు అంతకే అదే విమానం గంటల లెక్కన అద్దెకు దొరుకుతుంది.

మరి ఉద్యోగం, సంసారం మధ్య వంద గంటలు ఎగరగలడా? నలభై గంటలే ఎగిరాడనుకోండి. పెట్రోలు, ఇంజను ఖర్చు తగ్గుతాయి, మిగతావి తగ్గవు. ఏడాదికి 13,320 డాలర్లు, అంటే గంటకు 333! అద్దెకు తీసుకుంటే ఆ నలభై గంటలూ ఏడు వేలల్లో తేలిపోతాయి. పైగా కొన్నదానికి పెట్టిన 90 వేలను నేనింకా ఈ లెక్కలో కలపనే లేదు.

స్నేహితుల దగ్గర రాబట్టుకోవడం అన్నది మరిచిపొమ్మనండి. ప్రైవేటు లైసెన్సు ఉన్నవాడు డబ్బు తీసుకుని మనుషుల్ని తిప్పకూడదు. ఆ ప్రయాణానికైన పెట్రోలు, ఆయిలు, విమానాశ్రయ రుసుము, విమానం అద్దెదైతే ఆ అద్దె మాత్రమే పంచుకోవచ్చు. నలుగురెక్కితే పైలటు తన నాలుగో వంతు పెట్టుకోవాల్సిందే. హ్యాంగరు, బీమా, తనిఖీ ఆ పంపకంలోకి రావు. అయినా నలుగురు పెద్దవాళ్లు, నిండు ట్యాంకు, మీరు పంపిన ఆవకాయ జాడీ అన్నీ కలిపి ఆ చిన్న విమానం మోయలేదు.

వద్దని మొహం మీద చెప్పకండి. ఒక ఏడాది అద్దె విమానంలో తిరిగి, ఎన్ని గంటలైందో చూపించమనండి. ఎనభై, తొంభై దాటితే నమ్మకమైన ముగ్గురితో కలిసి కొనుక్కోమనండి. హ్యాంగరు, బీమా, తనిఖీ నాలుగు భాగాలవుతాయి, ఇంజనూ ఖాళీగా ఉండదు. జీవిత బీమా పాలసీని కూడా ఓసారి చదవమనండి. సొంతంగా విమానం నడుపుతూ పోతే పరిహారం ఇవ్వబోమని చాలా పాలసీల్లో ఉంటుంది.

ప్రశ్న: సత్తెనపల్లి రోడ్డులో నాకు పదెకరాల చెక్క ఉంది. కాంట్రాక్టు పనుల మీద తరచు హైదరాబాదు వెళ్తుంటాను. గన్నవరం వెళ్లి విమానం ఎక్కేసరికే పూట గడిచిపోతోంది. చిన్న విమానం కొని పొలంలోనే దింపుకోవచ్చా?
– ఒక కాంట్రాక్టరు, పెదకూరపాడు

జవాబు: పదెకరాలు చదరంగా ఉంటే ఒక్కో వైపు రెండు వందల మీటర్లే. సెస్నా 172 నేల విడిచి, ఎదురుగా ఉన్న చెట్ల ఎత్తు దాటడానికి చల్లటి రోజున, గట్టి రన్‌వే మీద సుమారు 500 మీటర్లు కావాలి. మన ఎండలకు గాలి పలచబడి ఇంకా ఎక్కువే పడుతుంది. ఒక వాన పడితే నల్లరేగడిలో చక్రం కూరుకుపోతుందని మీకు నేను చెప్పాలా!

సరే, పక్క రైతుల పొలం కూడా కొన్నారే అనుకుందాం. కొత్త విమానం నాలుగు లక్షల డాలర్లు దాటింది. సొంత వాడకానికి తెచ్చే విమానం మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 40 శాతం, అంటే మూడున్నర కోట్ల సరుకు మీద కోటీ నలభై లక్షలు. విమానాల నియంత్రణ సంస్థ డీజీసీఏ దగ్గర రిజిస్ట్రేషను, ఏటా ఎయిర్‌వర్దీనెస్ సమీక్ష, ఆ రకానికి లైసెన్సున్న ఇంజనీరు, బయల్దేరిన ప్రతిసారీ ఫ్లైట్ ప్లాను, వాయుసేన అనుమతి. ఇంధనం మరో తలనొప్పి. ఇది తాగేది జెట్ విమానాల కిరోసిను కాదు, ఏవ్‌గ్యాస్ అనే పెట్రోలు. 2022లో ఇండియన్ ఆయిల్ వడోదర రిఫైనరీలో తయారీ మొదలుపెట్టేదాకా దేశానికి మొత్తం దిగుమతే. ఫ్లయింగ్ క్లబ్బులున్న చోట తప్ప సాధారణంగా దొరకదు.

మీ అవసరానికి ఒక మంచి కారు, జీతానికి డ్రైవరు చాలు. ఎగరాలనే కోరికే అసలు సంగతైతే ఫ్లయింగ్ అకాడమీలో చేరండి. ప్రైవేటు లైసెన్సుకు కనీసం నలభై గంటలు నడపాలి.

ప్రశ్న: మా పొదుపు సంఘానికి మందు కొట్టే డ్రోను ఇప్పిస్తామంటున్నారు. ఎకరాకు 400 చొప్పున రోజుకు ఇరవై ఎకరాలు కొడితే రోజుకు 8,000 వస్తుందని లెక్క చెప్పారు. నిజమేనా?
– ఒక సంఘ సభ్యురాలు

జవాబు: ఒక్క రోజుకు నిజమే కావచ్చమ్మా. ఏడాదికి అలాంటి రోజులు ఎన్నో వాళ్లు చెప్పలేదు. మిరప, పత్తికి మందు పడే నెలలు కొన్నే. గాలి ఎక్కువైనా, వాన పడినా ఆ రోజు పోయినట్టే. మిరపలో నల్ల తామర పురుగు పూల లోపల దాక్కుంటుంది, పైనుంచి కొట్టిన మందు అక్కడిదాకా అందలేదని రైతు రెండోసారి పిలవకపోవచ్చు.

నమో డ్రోన్ దీదీ పథకంలో 80 శాతం దాకా, గరిష్ఠంగా 8 లక్షలు కేంద్రం ఇస్తుంది, మిగతాది అప్పుగా తీసుకోవచ్చు. నడిపే ఆమెకు రిమోట్ పైలటు సర్టిఫికెట్ ఉండాలి. ఖర్చంతా బ్యాటరీల దగ్గరే. ఒక్కసారి ఛార్జింగుతో ఒకటీ రెండు ఎకరాలకు మించి రాదు, కొన్ని వందల ఛార్జింగులకు బ్యాటరీ అయిపోతుంది, పొలం గట్టు మీద ఛార్జి చేయాలంటే జనరేటరు పెట్టాలి. సంతకం పెట్టకముందే కొత్త బ్యాటరీ జత ధర ఎంతో, జనవరిలో డ్రోను పడి రెక్క విరిగితే ఎన్ని రోజుల్లో ఎవరు బాగుచేస్తారో కాగితం మీద రాయించుకోండి.