స్లిప్ టెస్టు రోజు కడుపునొప్పి

మా పాప నాలుగో తరగతి. స్లిప్ టెస్టు ఉన్న రోజు పొద్దున్నే బొడ్డు చుట్టూ నొప్పంటుంది. స్కూలు మాన్పిస్తే పదింటికల్లా దోసె తిని ఆడుకుంటుంది. స్కానింగులో ఏమీ లేదన్నారు. నటిస్తోందా?
ఓ తల్లి, నల్గొండ

కంగారు పడకండమ్మా, పాప నటించడం లేదు. భయం కబురు మెదడు నుంచి పేగులకు చిటికెలో చేరుతుంది. ఇంటర్వ్యూకి ముందు పెద్దవాళ్లం రెండుసార్లు బాత్రూముకి వెళ్లొచ్చేదీ అందుకే. 'నొప్పిగా ఉందని నాకు తెలుసు, అయినా వెళ్దాం' అని గేటు దాకా తోడు వెళ్లండి. ఇంట్లో ఉంచేస్తే ఆ పూటకి తగ్గుతుంది గానీ వచ్చే టెస్టుకి భయం ఇంకా పెరుగుతుంది. నిద్రలోంచి లేపేసే నొప్పి, బొడ్డుకి దూరంగా ఒకేచోట నొప్పి, జ్వరం, ఆకుపచ్చ వాంతులు, మలంలో రక్తం, బరువు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా పిల్లల డాక్టరుకి మళ్లీ చూపించండి.

మావాడు పదో తరగతి. ఇంట్లో గడగడా అప్పజెబుతాడు. ప్రీఫైనల్లో లెక్కల పేపరు చూడగానే బుర్ర ఖాళీ అయిపోయిందట. రోజూ నాలుగింటికే లేపుతున్నాం. మార్చిలో ఏం చేస్తాడో!
ఓ తల్లి, తణుకు

చదివింది ఎక్కడికీ పోలేదు. తెలిసినవాళ్లు ఎదురుపడినప్పుడు పేరు గుర్తురాక, వాళ్లటు వెళ్లగానే తడుతుందే, ఇదీ అలాంటిదే. టెస్ట్ యాంగ్జైటీ అంటాం. పేపరు అందగానే నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలమనండి, ఐదారుసార్లు చాలు. తర్వాత బాగా తెలిసిన ప్రశ్న, రెండు మార్కులదైనా సరే, ముందు రాసెయ్యాలి. అప్పజెప్పడం వేరు, గడియారం ముందు రాయడం వేరు కాబట్టి ఆదివారాలు పొద్దున తొమ్మిదిన్నరకి, అంటే అసలు పరీక్ష వేళకే, పాత పేపరొకటి ఇచ్చి పుస్తకం మూసి రాయించండి. నాలుగింటి అలారం మన ఇళ్లలో ఆచారం, నేనూ దాని బాధితురాలినే. కానీ ఈ వయసుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, చదివింది మెదడులో కుదురుకునేది ఆ నిద్రలోనే.

మనవడికి జ్ఞాపకశక్తి టానిక్ పట్టించమంటారా?
ఓ తాతయ్య, సిద్దిపేట

వద్దండీ, ఆ డబ్బుతో గుడ్లు, పల్లీలు, అరటిపళ్లు కొనిపెట్టండి. రక్తం తక్కువగా ఉందని పరీక్షలో తేలి డాక్టరు ఐరన్ రాస్తే అది వేరే మాట.

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంది. వీకెండ్ టెస్టులో ర్యాంకు పడిపోయి సెక్షన్ మార్చారట. ఆదివారం ఫోన్లో ఏడుస్తూ 'నేను లేకపోతే మీకు ఫీజు బాధ తప్పుతుంది నాన్నా' అంది. అందరు పిల్లలూ ఇలాగే అంటారని కాలేజీవాళ్లు అంటున్నారు. ఏం చేయాలి?
ఓ తండ్రి, ప్రకాశం జిల్లా

ఈ ఉత్తరం రాసి మంచిపని చేశారు, ఇవాళే బయల్దేరండి. హాస్టల్లో చేరిన కొత్తలో ఏడుపు మామూలే. 'నేను లేకపోతే' అన్న మాటని మాత్రం ఎప్పుడూ మామూలుగా తీసుకోకూడదు. వెళ్లాక మార్కులూ ఫీజులూ ఎత్తకండి, పక్కన కూర్చుని 'చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?' అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని జంకుతారు గానీ, పుట్టదు. చాలామంది పిల్లలు 'హమ్మయ్య, అడిగారు' అన్నట్టు బోరుమంటారు. ఔనంటే ఒక్క క్షణం ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుమందు డబ్బాలు, మాత్రలు ముందే తీయించెయ్యండి, వెంటనే మానసిక వైద్యులకి చూపించండి. దారిలో మీకే గుండె దడగా ఉంటే 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్, రాత్రయినా పగలైనా ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. కాలేజీ మాన్పించాలా వద్దా అన్నది డాక్టరు చూశాక నెమ్మదిగా తేల్చుకోవచ్చు, ఈ రాత్రికి మాత్రం వాళ్లమ్మ పక్కన పడుకోనివ్వండి.