లెక్క అక్కడ, బొమ్మ ఇక్కడ: దూరాన ఉన్న కంప్యూటర్‌లోని విండో మన తెర మీదకు ఎలా వస్తుంది?

ఒక పరిశోధక విద్యార్థి సెలవులకు ఇంటికి వచ్చింది. ఆమె దగ్గర ఉన్నది మామూలు ల్యాప్‌టాప్. విశ్లేషించాల్సిన 200 గిగాబైట్ల ఉపగ్రహ చిత్రాలు విశ్వవిద్యాలయ ప్రయోగశాలలోని పెద్ద కంప్యూటర్‌లో ఉన్నాయి. సెకనుకు 20 మెగాబిట్ల ఇంటర్నెట్‌తో వాటిని దించుకోవడానికి 22 గంటలకు పైగా పడుతుంది. దించుకున్నా అంత పని ఆ ల్యాప్‌టాప్ చేయలేదు. అలాంటప్పుడు సమాచారాన్ని కదిలించకుండా, ప్రోగ్రామ్‌ను అక్కడే నడిపి దాని విండోను మాత్రం ఇంటి తెర మీద చూడవచ్చు.

ఇది కొత్త ఆలోచన కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎంఐటీ) 1983లో ప్రాజెక్ట్ ఎథీనాను ప్రారంభించింది. వేర్వేరు కంపెనీల కంప్యూటర్లను విద్యార్థులందరూ ఒకే తీరుగా వాడుకోగలగాలన్నది దాని ఉద్దేశం. ఆ అవసరం కోసమే 1984లో బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ ఎక్స్ విండో వ్యవస్థను రూపొందించారు. 1987లో వచ్చిన దాని 11వ రూపం, అంటే ఎక్స్11, నేటికీ లినక్స్, యూనిక్స్ కంప్యూటర్లలో వాడుకలో ఉంది.

సర్వర్ ఎవరు? క్లయింట్ ఎవరు?

సర్వర్ అనగానే ఎక్కడో దూరాన ఉన్న పెద్ద యంత్రం గుర్తొస్తుంది. ఎక్స్ వ్యవస్థలో సంగతి తిరగబడుతుంది. తెర, కీబోర్డు, మౌస్ ఎవరి దగ్గర ఉంటే వారిదే సర్వర్. అంటే మన ముందున్న ల్యాప్‌టాప్. దూరాన నడిచే ప్రోగ్రామ్ క్లయింట్. ‘ఇక్కడ ఒక గీత గీయి, అక్కడ ఈ అక్షరాలు రాయి’ అని క్లయింట్ అడుగుతుంది; సర్వర్ గీసిపెడుతుంది. మనం మౌస్ నొక్కితే ఆ కబురు తిరిగి క్లయింట్‌కు చేరుతుంది.

దీన్ని ముగ్గుతో పోల్చవచ్చు. పండక్కి వేసిన ముగ్గును దూరాన ఉన్న చెల్లెలికి రెండు విధాలుగా పంపవచ్చు. ఫొటో తీసి పంపడం ఒకటి. ‘15 చుక్కలు, 8 వరకు, సందు చుక్క’ అని చెప్పి, ఏ చుక్కను దేనితో కలపాలో వివరించడం రెండోది. ఎక్స్11 రెండో దారిని ఎంచుకుంది. సూచనలు చిన్నవి కాబట్టి ఆనాటి నెట్‌వర్క్‌లకు అది సరిపోయింది. విఎన్‌సి వంటి తర్వాతి పద్ధతులు మొదటి దారి పట్టాయి. అవి తెర మీద మారిన భాగాన్ని బొమ్మగా పంపుతాయి.

ఎందుకు నెమ్మదిస్తుంది?

ఇంటర్నెట్ వేగం బాగానే ఉన్నా విండో మొరాయించడం చాలామందికి అనుభవమే. కారణం వెడల్పు కాదు, దూరం. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. హైదరాబాద్ నుంచి అమెరికా తూర్పు తీరానికి దాదాపు 13 వేల కిలోమీటర్లు. వెళ్లి రావడానికి కనీసం 0.13 సెకన్లు కావాలి. కేబుళ్లు తిన్నగా ఉండవు కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే పడుతుంది. ఒక మెనూ తెరిచేటప్పుడు ప్రోగ్రామ్ 100 ప్రశ్నలను ఒకదాని తర్వాత ఒకటిగా అడిగి, ప్రతిదానికీ జవాబు కోసం ఆగితే 13 సెకన్లు గడిచిపోతాయి. ఒకే ప్రాంగణంలో ఇది తెలియదు. ఖండాలు దాటితే తెలుస్తుంది.

మరో చిక్కూ ఉంది. నేటి ప్రోగ్రామ్‌లు చాలావరకు బొమ్మను తామే గీసుకుని పూర్తి చిత్రాన్ని పంపుతున్నాయి. దాంతో సూచనలు పంపే పద్ధతికి ఉన్న లాభం తగ్గిపోయింది.

తలుపు తీసిపెట్టవద్దు

ఎక్స్ సర్వర్‌కు అనుసంధానమైన ప్రోగ్రామ్, పక్క విండోలో మీరు కొడుతున్న అక్షరాలను కూడా గమనించగలదు. పాస్‌వర్డ్ కూడా అందులో భాగమే. అందుకే ‘పని కావడం లేదు’ అని ఎక్స్‌హోస్ట్ ఆదేశంతో అందరికీ అనుమతి ఇచ్చేయడం ప్రమాదం.

సురక్షితమైన దారి ఎస్ఎస్‌హెచ్. హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లు చోరీకి గురైన తర్వాత, 1995లో తాతు యులోనెన్ దీన్ని రాశారు. ఎస్ఎస్‌హెచ్ ఆదేశానికి ఒక అడ్డగీత, పెద్దబడి ఎక్స్ అక్షరం చేర్చితే, విండో సమాచారమంతా సంకేతలిపిలో ప్రయాణిస్తుంది. ఇందుకు అక్కడి కంప్యూటర్ నిర్వాహకుల అనుమతి ఉండాలి. మన వైపు ఎక్స్ సర్వర్ ఉండాలి: మ్యాక్‌లో ఎక్స్‌క్వార్ట్జ్, విండోస్‌లో విసిఎక్స్‌సర్వ్ వంటివి. ముందుగా ఎక్స్‌క్లాక్ అనే చిన్న గడియారం ప్రోగ్రామ్‌ను నడిపి చూడండి. గడియారం కనిపిస్తే దారి సరిగ్గా ఉన్నట్లే.

అయితే ఎస్ఎస్‌హెచ్ దారిని మాత్రమే కాపాడుతుంది. అవతలి కంప్యూటర్ నిర్వాహకుడే మోసగాడైతే, తెరిచిన ఆ దారిలోనే మీ తెర వరకు రాగలడు. నమ్మకమైన యంత్రాలకే ఈ సౌకర్యం వాడండి.

ఏది ఎప్పుడు?

దగ్గరి నెట్‌వర్క్‌లో ఒకటి రెండు విండోలు చాలనుకుంటే ఎక్స్11 హాయి. దూరం ఎక్కువైతే, మొత్తం డెస్క్‌టాప్ కావాలంటే ఎస్ఎస్‌హెచ్ మార్గంలో విఎన్‌సి మేలు. ఇంకో తేడా మరవకండి. మధ్యలో కరెంటు పోయి అనుసంధానం తెగితే ఎక్స్11 ప్రోగ్రామ్ సాధారణంగా అక్కడే ఆగిపోతుంది, చేసిన లెక్క పోతుంది. విఎన్‌సిలో పని అవతల కొనసాగుతూ ఉంటుంది. మళ్లీ కలిసి చూసుకోవచ్చు. రాత్రంతా నడవాల్సిన లెక్కనైతే అసలు విండోతో ముడిపెట్టవద్దు. దాన్ని అక్కడే నేపథ్యంలో నడిపి, ఫలితాన్ని చూడటానికి మాత్రమే విండో తెరవండి.