తలుపు తట్టింది ఐస్ వాళ్లయితే?

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఓపీటీ (విద్యార్థులకిచ్చే పని అనుమతి) మీద ఉద్యోగం చేస్తున్నాడు. ఐస్ (అమెరికా ఇమిగ్రేషన్ చట్టాల అమలు సంస్థ) అధికారులు ఇంటికొస్తే ఏం చేయాలి? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: తలుపు తీయకుండానే మాట్లాడమనండి, అమ్మా. వారంటు ఉందంటే తలుపు సందులోంచి ఇమ్మని, సంతకం ఎవరిదో చూసుకోవాలి. జడ్జి సంతకం, సరైన చిరునామా ఉంటే అడ్డుపడకూడదు. ఐ-200 లాంటి వారంట్లు మాత్రం ఇమిగ్రేషన్ అధికారులే సంతకం చేసుకునే కాగితాలు. మామూలుగా వాటితో, ఇంట్లోవాళ్లు ఒప్పుకోనిదే లోపలికి రాకూడదు. అయినా తోసుకొస్తే పెనుగులాట వద్దు, ‘నేను ఒప్పుకోవడం లేదు’ అంటే చాలు.

మౌనం హక్కు, అబద్ధం నేరం. లాయరు చూడనిదే సంతకం పెట్టొద్దు. ఇమిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వం తన ఖర్చుతో లాయరును పెట్టదు. అందుకే ఒక లాయరు నంబరు నోటికి రావాలి, ఫోను లాక్కున్నాక కాంటాక్టులుండవు కదా! వర్క్ కార్డు ఎప్పుడూ జేబులోనే ఉండాలి. అతని ఎ-నంబరు (ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చే గుర్తింపు నంబరు) మీరూ రాసిపెట్టుకోండి. పట్టుకెళితే ఎక్కడ ఉంచారో దానితో ఆన్‌లైన్‌లో వెతకొచ్చు.